గుండుకి ఎంత శక్తి కావాలి?



“పని – శక్తి” పాఠంలో గతిజశక్తి సూత్రం మనందరికీ కంఠతా వచ్చు. ద్రవ్యరాశిని వేగంతో రెండుసార్లు గుణించి, వచ్చినదాంట్లో సగం తీసుకోవాలి. కిలోగ్రాములు, మీటర్లు, సెకన్లు వాడితే జవాబు జౌళ్లలో వస్తుంది. పరీక్షలో దీనికి కారు లెక్క ఇస్తారు, లేకపోతే రైలు లెక్క ఇస్తారు. మా ఊరికి కారు ఓట్లప్పుడు మాత్రమే వస్తుంది. రైలు నేను ఇంకా ఎక్కలేదు. అందుకని మనకి తెలిసిన వస్తువులతో లెక్క చేద్దామని కూర్చున్నాను. వడిసెల రాయి, అంబు, తుపాకీ గుండు. అడవిదున్న అంత పెద్ద జంతువు పడాలంటే గుండుకి ఎన్ని జౌళ్ల శక్తి ఉండాలి? ఇదే ఈ నెల నా వ్యాసం.

ఒక మాట ముందే చెప్తున్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అడవిదున్న ఆ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే 3 సంవత్సరాల నుండి 7 సంవత్సరాల దాకా జైలు. కావున ఇది వేట నేర్పే పాఠం కాదు, లెక్క నేర్పే పాఠం. ఈ లెక్క నాకెందుకు పట్టిందో మధ్యలో రాశాను.

ముందు మాటలు సరిచేసుకుందాం. తూటా అంటే మొత్తం సరుకు: ఇత్తడి గొట్టం, లోపల మందు, మూతికి సీసం ముక్క. పేలినప్పుడు ముందుకు ఎగిరిపోయేది ఆ సీసం ముక్క ఒక్కటే. దాన్ని గుండు అంటున్నాను. గొట్టం తుపాకీ దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి లెక్కలోకి గుండు బరువే వస్తుంది.

ఇప్పుడు నాతోనే మొదలుపెడతాను. నా బరువు 40 కిలోలు. ఆటల పోటీలో 100 మీటర్లు 20 సెకన్లలో ఉరికాను. అంటే సెకనుకు 5 మీటర్లు. లెక్క చేస్తే 500 జౌళ్లు. పట్నాల్లో ఎన్‌సీసీ పిల్లలు గురి నేర్చుకునే .22 రైఫిల్ ఉంది కదా, దాని గుండు 2.6 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 330 మీటర్లు. లెక్క చేస్తే 140 జౌళ్లు పైచిలుకు. అంటే ఉరికే నాలో ఉన్న శక్తి ఆ గుండులో ఉన్నదానికి మూడు రెట్ల పైన! కానీ నేను ఎవరికైనా గుద్దుకుంటే ఇద్దరం కిందపడి నవ్వుకుంటాం. ఆ గుండు తగిలితే మనిషి చచ్చిపోవచ్చు. ఇక్కడే ఏదో తిరకాసు ఉందని నాకు అనిపించింది. దీని సంగతి తర్వాత చూద్దాం.

సూత్రంలో ఇంకొక విషయం గమనించండి. ద్రవ్యరాశి ఒక్కసారే వస్తుంది, వేగం రెండుసార్లు వస్తుంది. గుండు బరువు రెట్టింపు చేస్తే శక్తి రెట్టింపు అవుతుంది. వేగం రెట్టింపు చేస్తే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. తుపాకుల చరిత్ర అంతా ఈ ఒక్క సంగతిలో ఉంది. పూర్వం తుపాకీ మందు అంటే సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన పొడి. దాంతో గుండుని ఒక హద్దు దాటి వేగంగా పంపలేరు. అందువల్ల పెద్ద జంతువు కోసం గుండు బరువే పెంచుకుంటూ పోయారు. శామ్యూల్ బేకర్ అని నైలు నది పుట్టిన చోటు వెదుకుతూ వెళ్ళిన ఇంగ్లీషాయన ఉన్నాడు. ఆయన దగ్గర ఒక తుపాకీకి “బేబీ” అని పేరు. దాని గుండు అర పౌను, అనగా 227 గ్రాములు. అది పేల్చినప్పుడల్లా ఆయనే గిర్రున తిరిగిపోయేవాడట. ఆ తర్వాత 1884లో ఫ్రాన్సులో పాల్ వియే అనే ఆయన పొగ రాని మందు తయారుచేశాడు. దాంతో వేగం పెరిగింది, గుండు చిన్నదైపోయింది. ఎంత చిన్నది అంటే, 11.2 గ్రాముల గుండు సెకనుకు 700 మీటర్లు పోతే 2,744 జౌళ్లు. అదే శక్తి 350 మీటర్ల వేగంతో రావాలంటే గుండు 44.8 గ్రాములు ఉండాలి. మీరే గుణించి చూడండి.

ఇక పెద్ద జంతువుకి ఎంత కావాలో చూద్దాం. కొన్ని దేశాల్లో లైసెన్సుతో వేట ఆడనిస్తారు. అక్కడ చట్టంలోనే జౌళ్లు రాసి ఉంటాయి. మన పాఠ్యపుస్తకంలో మాట చట్టంలో ఉందంటే నాకు ఆశ్చర్యం వేసింది. ఆఫ్రికాలో నమీబియా దేశంలో స్ప్రింగ్‌బాక్ అనే చిన్న జింకకి గుండు శక్తి 1,350 జౌళ్లకి తగ్గకూడదు. కుడు, ఓరిక్స్ లాంటి పెద్ద జింకలకి 2,700. ఏనుగుకి, అక్కడి అడవిగేదెకి 5,400. ఈ శక్తి గుండు తుపాకీ గొట్టం నుంచి బయటకి వచ్చే చోట కొలిచేది. మూడు అంకెలూ చూడండి, ఒకదానికొకటి రెట్టింపు.

మన అడవిదున్న మగది 800 కిలోలు సులువుగా ఉంటుంది, ఇంకా పెద్దవీ ఉంటాయి. ఆఫ్రికా అడవిగేదెకి తీసిపోదు. కాబట్టి నమీబియా కొలతలో పెడితే దానికి 5,400 జౌళ్లు కావాలి. 1912లో ఇంగ్లాండులో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ అనే తూటా ఉంది. దాని గుండు 19.4 గ్రాములు, వేగం సుమారు 770 మీటర్లు. లెక్క చేస్తే 5,750 జౌళ్లు. ఇది సరిపోతుంది. 5,400 జౌళ్లు అంటే ఎంతో తెలియాలంటే మన వంటశాలలో 50 కిలోల బియ్యం బస్తా తలుచుకోండి. దాన్ని 11 మీటర్ల ఎత్తుకి మోస్తే చేసే పని 5,390 జౌళ్లు. మూడంతస్తుల మేడ ఎక్కించినంత. మన వంట అన్న రెండు మెట్లు ఎక్కించడానికే ఆయాసపడతాడు, పాపం.

ఇక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది. స్ప్రింగ్‌బాక్ 40 కిలోలు ఉంటుంది. ఆఫ్రికా మగ ఏనుగు 6,000 కిలోలు. బరువు 150 రెట్లు. మరి చట్టంలో శక్తి నాలుగు రెట్లే పెంచారు, ఎందుకు? చాలా రోజులు ఆలోచించాను. ఘనం పాఠంలో భుజం రెట్టింపు అయితే ఘనపరిమాణం 8 రెట్లు అవుతుంది కదా. భుజం 5 రెట్లు అయితే 125 రెట్లు. అంటే బరువు 150 రెట్లు పెరిగినా జంతువు మందం 5 రెట్లకి కొంచెం పైన పెరుగుతుంది, అంతే. గుండు జంతువు మొత్తాన్ని మోయక్కరలేదు. తోలు దగ్గర్నుంచి గుండెకాయ దాకా పోతే చాలు. కాబట్టి శక్తి మందాన్ని బట్టి పెరగాలి, బరువుని బట్టి కాదు. ఇది నా సొంత ఊహ. సైన్సు సారుకి చూపించాను. ఆయన కొట్టేయలేదు, “దగ్గర్లో ఉన్నావు” అన్నారు.

ఇప్పుడు బెల్ అనే ఆయన సంగతి చెప్తాను. డబ్ల్యూ.డి.ఎం. బెల్ స్కాట్లండ్ మనిషి. 1880లో పుట్టి 1954లో చనిపోయాడు. ఉగాండాలో కరమోజా అనే చోట తిరిగినందుకు ఆయన్ని కరమోజో బెల్ అంటారు. దంతాల కోసం వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. వెయ్యి! మా ఊళ్లో మనుషులు కూడా అంతమంది లేరు. ఈ పనికి ఆయన ఎక్కువగా వాడింది 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిల్. దాని గుండు బరువు, వేగం పైన లెక్కలో ఇచ్చినవే. అంటే దాని శక్తి 2,744 జౌళ్లు. నమీబియా చట్టం ఏనుగుకి అడిగేది 5,400. సగమే! ఈ రోజు ఆ తుపాకీతో నమీబియాలో ఓరిక్స్ దాకా ఒప్పుకుంటారు, ఏనుగు దగ్గరికి రానివ్వరు.

మరి ఆయన ఏనుగులు ఎలా పడ్డాయి? బెల్ ఏనుగు పుర్రెని రంపంతో రెండుగా కోయించి మెదడు ఎక్కడుందో చూసుకున్నాడు. ఏ పక్కనుంచి చూస్తే మెదడు ఎక్కడుంటుందో గుర్తుపెట్టుకున్నాడు. ఆయన గుండు మీద గట్టి లోహపు తొడుగు ఉండేది. అది లోపల చిట్లిపోకుండా తిన్నగా ఎముకలోకి దూరిపోయేది. గుండు చేరాల్సిన చోటికి చేరితే సగం శక్తి చాలిందన్నమాట. అలాగని చట్టం దండగ అనుకోకండి. బెల్ లాగా గురి ఉన్నవాళ్లు ఎంతమంది? చెయ్యి వణుకుతుంది, జంతువు కదులుతుంది, మధ్యలో వెదురు కొమ్మ అడ్డం వస్తుంది. గుండెకి తగలాల్సింది భుజం ఎముకకి తగిలితే? అప్పుడు కూడా గుండు లోపలికి పోవాలని ఎక్కువ శక్తి అడుగుతారు.

ఇప్పుడు ఆ తిరకాసు విప్పుదాం. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలే వడిసెల రాయి 100 గ్రాములు అనుకుందాం. వేగం సెకనుకు 30 మీటర్లు అనుకుందాం. 45 జౌళ్లు. విల్లుతో వేసే అంబు 30 గ్రాములు, వేగం 45 మీటర్లు అనుకుందాం. 30 జౌళ్లు. రాయిలోనే శక్తి ఎక్కువ. కానీ రాయి పంది వీపుకి తగిలితే పంది ఒకసారి దులపరించుకుని పోతుంది. అంబు లోపల దిగిపోతుంది. గొడ్డలిని తిరగేసి మడమతో కొడితే కర్ర తెగుతుందా? బలం అదే, చెయ్యి అదే. అంచు లేదు. శక్తి అంతా చిన్న చోట పడితే లోపలికి దూరుతుంది, పెద్ద చోట పడితే పైపైన చెదిరిపోతుంది. పీడనం పాఠంలో బలాన్ని వైశాల్యంతో భాగించమన్నది ఇందుకే. నేను ఉరికివచ్చి గుద్దితే 500 జౌళ్లూ భుజానికీ చేతులకీ పంచుకుపోతాయి. చిటికెన వేలి గోరంత గుండుకి పంచుకునే చోటే లేదు.

కాబట్టి జౌళ్లు ఎన్ని అని ఒక్కటే అడిగితే సగం ప్రశ్నే. అవి ఎన్ని ముక్కలుగా వెళ్తున్నాయి, ఎంత లోతు వెళ్తున్నాయి అని కూడా అడగాలి. మా మావ కాలు ఈ రెండో సగం వల్లే పోయింది.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఎవరో రాత్రిపూట నాటు తుపాకీతో అడవిపందిని కొట్టారు. ఎవరి తుపాకో మా ఊళ్లో అందరికీ తెలుసు, నేను రాయను. నాటు తుపాకీలో ఒక్క గుండు ఉండదు, రవ్వలు ఉంటాయి. లెక్క కోసం పది రవ్వలు అనుకుందాం. ఒక్కోటి 3 గ్రాములు, వేగం 300 మీటర్లు. ఒక్కో రవ్వకి 135 జౌళ్లు. పదింటికీ కలిపితే 1,350. ఈ అంకె పైన ఎక్కడో చూశారు కదా! నమీబియాలో చిన్న జింకకి ఒప్పుకునే శక్తి అంత ఉంది. కానీ అక్కడ అది ఒక్క గుండుకి ఉండాల్సిన శక్తి. ఇక్కడ పదిగా చీలిపోయింది. ఒక్కో రవ్వ .22 గుండు పాటి కూడా లేదు. పైగా గుండ్రంగా ఉండే తేలిక రవ్వ గాలిలో తొందరగా వేగం కోల్పోతుంది. మగ పందికి భుజాల మీద అట్టలాంటి దళసరి కండ ఉంటుంది. పందులు పోట్లాడుకున్నప్పుడు కోరలు దిగకుండా అది కాపాడుతుంది. రవ్వలు ఆ అట్టలోనే ఆగిపోయాయి. పెద్ద చప్పుడైంది, పంది అరిచింది, పారిపోయింది. కొట్టినవాళ్లు తగల్లేదనుకుని ఇంటికి పోయి పడుకున్నారు.

మూడో రోజు పొద్దున మా మావ వెదురు కొమ్ముల కోసం వెళ్ళాడు. పంది వెదురు పొదలో పడుకుని ఉంది. మావకి తెలీదు. లేచి ఒకేసారి తొడ చీల్చేసింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ప్రాణం దక్కింది, కాలు మడవడం లేదు. నాలుగు రోజులకి ఆ పంది వాగు దగ్గర చచ్చిపడి ఉంటే మా వాళ్లు చూశారు. భుజం అంతా చీముపట్టి ఉంది, తోలు కింద రవ్వలు చేతికి తగిలాయి. మావ ఇప్పుడు కొండ ఎక్కలేడు. మావ కూతురు, మాకు వదిన అవుతుంది, ఏడో తరగతిలో బడి మానేసి పోడు పనికి వెళ్తోంది. లేకపోతే ఈ పాటికి మనతో పాటే తొమ్మిదిలో ఉండేది. లెక్కల్లో నాకన్నా గట్టిది.

ఆ తర్వాత మా ఊరి అబ్బాయిలు “పెద్ద తుపాకీ అయితే పంది ఎగిరి అవతల పడేది” అని మాట్లాడుకున్నారు. సినిమాలు చూసి అలా అంటారు. దీన్ని కూడా లెక్క చేద్దాం. దీనికి గతిజశక్తి కాదు, ద్రవ్యవేగం వాడాలి. .375 గుండు ద్రవ్యవేగం అంటే 0.0194ని 770తో గుణించాలి. సుమారు 15 వస్తుంది. అది 800 కిలోల దున్నకి తగిలి లోపలే ఆగిపోయిందనుకోండి. 15ని 800తో భాగించండి. దున్న కదిలే వేగం సెకనుకు 2 సెంటీమీటర్ల లోపు. అంతే! గోడకి ఆనుకుని జరిగినంత. న్యూటన్ మూడో నియమం ప్రకారం అంత తోపు కొట్టినవాడి భుజానికీ ఉంటుంది. దున్నని ఎగరగొట్టే తుపాకీ ఉంటే ముందు పేల్చినవాడే ఎగిరిపోవాలి. బేకర్ గారు గిర్రున తిరగడం అందుకే. జంతువు పడేది తోపు వల్ల కాదు. గుండెకాయో ఊపిరితిత్తులో చిరిగి మెదడుకి రక్తం అందకపోతే పడుతుంది. మెదడుకీ వెన్నుకీ తగిలితే అప్పుడే పడుతుంది. ఇంకెక్కడ తగిలినా అది పడదు. దెబ్బతో నడుస్తుంది, పొదలో పడుకుంటుంది.

దూరం సంగతి కూడా చెప్పాలి. నమీబియా వాళ్లు గొట్టం దగ్గర శక్తి కొలుస్తారని రాశాను. జర్మనీలో అలా కాదు. గుండు 100 మీటర్లు పోయాక ఎంత మిగిలిందో చూస్తారు. అక్కడ రో జింక అనే చిన్న జింకకి 100 మీటర్ల దగ్గర 1,000 జౌళ్లు మిగలాలి. అడవిపందికి, ఎర్రజింకకి 2,000 మిగలాలి, గుండు మందం 6.5 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. గాలి ఊరికే పోనివ్వదు, ప్రతి మీటరుకీ కొంత వేగం లాగేసుకుంటుంది. వేగం వర్గం కాబట్టి వేగం పదోవంతు తగ్గితే శక్తి దాదాపు ఐదోవంతు తగ్గిపోతుంది. నాకు నమీబియా పద్ధతి కన్నా జర్మనీ పద్ధతే నచ్చింది. జంతువుకి తగిలేది గొట్టం దగ్గర శక్తి కాదు కదా.

మా తాతకి ఈ లెక్కలన్నీ చదివి వినిపించాను. తాత చదువుకోలేదు, జౌలు అంటే ఏంటని అడిగాడు. బస్తా మోసే లెక్కతో చెప్తే తెలిసింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న వెనక విల్లు పట్టుకుని తిరిగిన మనిషి. “పాతిక అడుగులు దాటితే ఎయ్యనిచ్చేవాడు కాదమ్మా మా అయ్య. తగిలినా అది సావదు, మనకి దొరకదు. దెబ్బ తిన్నదాన్ని ఎతుక్కుని ఎతుక్కుని పొద్దుపోయేది” అన్నాడు. దున్నల జోలికి ఎప్పుడైనా పోయారా అంటే “అంబుతోనా?” అని నవ్వాడు. చూడండి, జర్మనీ చట్టం 100 మీటర్ల దగ్గర నిలబడి అడిగేది, మా ముత్తాత పాతిక అడుగుల దగ్గర అడిగేది ఒకటే ప్రశ్న. తగిలే చోట ఎంత మిగిలింది? 30 జౌళ్ల అంబుకి ఆయన వేసుకున్న హద్దు అది. నాటు తుపాకీ వచ్చాక చప్పుడు పెద్దదైంది కాబట్టి హద్దు అక్కర్లేదనుకున్నారు.

ఈ నెల లెక్క: ఒక గుండు 9 గ్రాములు. గొట్టం దగ్గర వేగం సెకనుకు 720 మీటర్లు. 100 మీటర్ల దగ్గర వేగం 650 మీటర్లు. మందం 7 మిల్లీమీటర్లు. (అ) జర్మనీ చట్టం ప్రకారం ఇది అడవిపందికి పనికొస్తుందా? రో జింకకి పనికొస్తుందా? (ఆ) గొట్టం దగ్గర ఉన్న శక్తిని 12 రవ్వలకి సమంగా పంచితే ఒక్కో రవ్వకి ఎన్ని జౌళ్లు? గ్రాముల్ని కిలోగ్రాములు చేయడం మర్చిపోకండి, సగం మంది అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. జవాబులు కాగితం మీద పేరు, తరగతి రాసి గోడపత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వేయండి. సరిగ్గా చేసినవాళ్ల పేర్లు వచ్చే నెల ఇక్కడే రాస్తాం.